మూడు యుద్ధాల ఓడ

కాణిపాకం వరసిద్ధి వినాయకుని సన్నిధిలో, ప్రమాణానికై తడిబట్టలతో నిలిచిన వృద్ధుణ్ణి ఆయన బావమరిది తొందరపెట్టాడు.

“యుద్ధనౌకలో మూడు యుద్ధాలు చేసినానని చెప్పు బావా. ఊర్లో నమ్మనోళ్ల నోర్లు మూతపడాల. రేపే నీకు సన్మానం.”

“ఈ స్వామి ముందర అబద్ధమాడలేనప్పా. యుద్ధాలు చేసింది ఓడ. నేను విశాఖ ఒడ్డునే ఉండి, అది తిరిగొచ్చినప్పుడల్లా గుండ్లు తగిలిన బొక్కలు పూడ్చి రంగేసినాను.”

“మరి ముప్పై ఏండ్లుగా మాకు చెప్పిందంతా?”

“మీరు నోరు తెరుచుకొని వింటా ఉంటే ఆపలేకపోయినాను.”

“‘మూడు యుద్ధాల వీరుడు’ అని రాతిమీద చెక్కించేసినామే!”

“నా పేరు చెరిపి ఓడ పేరు చెక్కించండి. అంతా నిజమైపోతాది.”

“మరి దండ ఎవరికేసేది? ఓడ యాడుండాది?”

“పాత ఇనుముకింద అమ్మేసినారు. అందుకే, దండకు మాత్రం నేనే వస్తాలే.”