బక్కయ్య కట్టిన పాట

ఆ పుంటికూర జర అవుతల పెట్టి ఇనవే సుమిత్రా! ఆకులు తెంపుకుంట తల ఊపితే ఇన్నట్టా? ఇంట్ల దొంగలు పడ్డరంటే కూడ గిట్లనే ఊపుతవా?

ఏం పోయిందంటవా? పాట పోయింది! మన మైసమ్మ పాట. ముప్పై ఏండ్ల సంది గీ మన్సూరాబాద్‌ల బోనాలంటే, నీ మొగడు బక్కయ్య గొంతెత్తకుండ ఒక్క బోనమన్న కదిలిందా? ఇప్పుడు కాలనీ ప్రెసిడెంటు వీరేందర్ ఫోన్‌ల పాట చేసిండంట. ఏదో ఏఐ అంట. నా పాత రికార్డులన్ని దాంట్ల పోసిండు. అది నమిలి, మింగి, పాటొకటి బయటికి తీసింది. కొత్త పాటంట గాని మాటలు మనయే, రాగం మనదే. డప్పులు, సన్నాయి, ఎనుక అందుకునేటోళ్లు... అన్నీ ఉన్నయి. మనిషే లేడు. ఒక్క డప్పును మంట మీద కాపింది లేదు!

గుడి ముంగట ఫ్లెక్సీ చూసినవా? 'బోనాల పాట: వీరేందర్' అంట. నల్లద్దాలు పెట్టుకొని ఫోటో. ఎన్నడన్న కూనిరాగం తీసిన మొఖమేనా అది?

నేను ఊకుంటనా? అడిగిన. 'ఏందిరా నాయనా, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా పాటకు నీ పేరేంది' అన్న. ఏమన్నడో ఎరుకేనా? 'నేను కూడ కష్టపడ్డ అంకుల్, నలభై సార్లు బటన్ ఒత్తితే గిదొక్కటి మంచిగ ఒచ్చింది' అన్నడు. ఒత్తుడు కూడ కష్టమేనంట! గట్లయితే లిఫ్టు బటన్ ఒత్తేటోళ్లందరు బిల్డింగ్ కట్టిన మేస్త్రీలే.

కానీ యాడ దొరికిండో చెప్త ఇను. పాట ఆఖరికి ఆ మిషన్ ఏం పాడింది? 'బక్కయ్య కట్టిన పాట వినవే తల్లీ' అని పాడింది! పాట కట్టినోడు ఆఖర్ల తన పేరు ఏసుకునుడు మన దిక్కు రివాజే గద. నేను ప్రతి పాటకు ఏసుకుంటి. దానికేమెరుక పాపం, బక్కయ్య అంటే ఒక మనిషని? అది కూడ పాటే అనుకొని నమ్మకంగ పాడింది. వీరేందర్ ఏమో ఆఖరిదాక ఇననేలే.

కమిటీల ఒకటే లొల్లి. ఇగ సాంబమూర్తి సారు లేచిండు, ఆ కోస్తా నుంచి ఒచ్చి మన గల్లీల ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. 'చూడండి బక్కయ్యగారూ, ఆదివారం గుళ్లో వెలిగించిన కర్పూరం మీద చెయ్యి పెట్టి, ఈ పాట నేనే కట్టానని అమ్మవారి ముందు ఒక్క మాట చెప్పండి. ఫ్లెక్సీ మార్పించేస్తాం' అన్నడు. వీరేందర్ కూడ సరే అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు.

నేనే... దొంగకు తేలు కుట్టినట్టు మెల్లగ లేచి ఇంటికొచ్చిన.

ఎందుకట్ల చూస్తవే? నీకు తెల్వనిదా?

ఇంకొకటి చెప్పలే నీకు. ఆ పాట పాడింది ఆడగొంతు. సన్నగ, జర జీరగ. నల్లగొండ నుంచి ఒచ్చిన కొత్తల, గడ్డిఅన్నారం మార్కెట్ల గడ్డి మీద కూసొని బత్తాయిలు ఏరుకుంట పాడేదానివి చూడు, అచ్చం గా గొంతు. నేను మూటలు మోసుకుంట ఇనేటోన్ని. మాట కట్టింది నువ్వు, రాగం కట్టింది నువ్వు. నేనేం కట్టిన? ఆఖరి లైను. నా పేరు.

మొదటిసారి బోనాలల్ల పాడినంక అడిగిండ్రు, 'ఎవరు కట్టిండ్రు బక్కయ్యా' అని. 'నేనే' అన్న. నువ్వు పక్కకే ఉన్నవు, నెత్తి మీద బోనం ఎత్తుకొని. నువ్వేమనకపోయేసరికి నాకు ధైర్యమొచ్చింది. ఆ ఎనుక ఇంకో పాట, మల్లింకో పాట. వీరేందర్ నలభై సార్లన్న ఒత్తిండు. నేను అది కూడ చెయ్యలే.

ఒక్కసారి అడిగినవు, యాదికున్నది. 'నా పేరు కూడ ఏయరాదా' అని. 'సుమిత్రమ్మ అంటే తాళానికి పట్టదే పిచ్చిదానా' అన్న. మల్ల అడగలే నువ్వు.

ఇప్పుడెట్లనే మరి? ఊరంతటికి అబద్ధం చెప్పిన గాని మైసమ్మకు ఎట్ల చెప్పాలె? ఆదివారం నువ్వే రా. కర్పూరం మీద నువ్వే చెయ్యి పెట్టు. నేను పక్కకు నిలబడ్త. ఇజ్జత్ పోతే పోనీ, ఎవరి ఇజ్జత్ తోని ఇన్నేండ్లు బతికిన?

ఏందీ? ఏం గొణుగుతున్నవు? జర గట్టిగ అను.

ఇప్పుడన్న తాళానికి పడ్తదా, అంటవా?

ఆగు, గీ మంచం పట్టె మీద కొడ్త. 'బక్కయ్య కట్టిన పాట'... ఇగ నీది. 'సు' ఒక్కటి జర ముందుగాల అందుకోవాలె... 'సుమిత్రమ్మ కట్టిన పాట వినవే తల్లీ'...

పడ్డది. మంచిగ పడ్డది.

నవ్వకే. గట్ల నవ్వకు. నాకిది ఇయ్యాల ఎరుకైంది కాదు. నువ్వడిగిన నాడే, మార్కెట్ల మూట మోసుకుంట మనసుల పాడి చూసుకున్న. గప్పుడు కూడ గింత మంచిగనే పడ్డది. అందుకే పట్టదని చెప్పిన.