బిగుతు గౌను

కుట్టుమిషన్ దగ్గర అక్క, చెల్లెలి నడుముకి టేపు చుట్టి ముఖం గంటు పెట్టుకుంది. సన్నబడ్డ చెల్లెలి మిడిసిపాటు అణగాలని పోయినసారి గౌను కావాలనే బిగించి కుట్టింది.

"మళ్ళీ తగ్గావు! మీ బావ కూడా నిన్ను చూసి నేర్చుకోమంటున్నాడు. ఆ కిటుకేదో నాకూ చెప్పి చావొచ్చుగా!"

"కిటుకేం లేదక్కా. లావెక్కి, తలలో ఒత్తిడి పెరిగి కంటినరం వాచింది. బరువు తగ్గకపోతే చూపే పోతుందన్నాడు డాక్టరు."

"అయ్యో! నాకెందుకు చెప్పలేదే?"

"సన్నబడ్డాక నువ్వు నాతో సరిగ్గా మాట్లాడితేగా! ఇప్పుడు నయమే. కానీ మొన్న నువ్వు కుట్టిన గౌను పట్టకపోయేసరికి మళ్ళీ లావయ్యాననుకున్నాను. తెల్లారి కళ్ళు కనిపిస్తాయో లేదోనని లైటు ఆర్పకుండానే పడుకున్నాను."

అక్క తలెత్తకుండా కత్తెర అందుకుంది.

"ఆ గౌను ఇలా తేవే. కుట్లు విప్పుతాను."