రెండొందల పద్నాలుగు మెట్లు

(సాయంత్రం. టూరు బస్సుల ఆఫీసు. కౌంటరులో టికెట్లు రాసే అమ్మాయి. ఎదురు కుర్చీలో ఇప్పుడే బస్సు దిగొచ్చిన గైడు. ఆయన ఆమెకి సొంత బాబాయ్.)

"పద్దెనిమిదో సీటు దిగిందా, బాబాయ్?"

"ముందు మంచినీళ్లియ్యవే తల్లీ. పొద్దున్న ఏడింటి నుంచి నలభై ఒక్క మంది మొద్దుల ముందు మొత్తుకుని వచ్చా. గొంతు బొంగురుపోయింది."

"ఇదిగో తాగు. దిగిందా లేదా?"

"దిగక బస్సులోనే కాపురం పెడుతుందా? అందరూ దిగారు. దిగి ఎటు పోవాలో తెలీక అక్కడే తిరుగుతున్నారు, పోయి చూడు."

"చూశా. తలుపు దగ్గరే నిలబడ్డా. ఆవిడ నాకు కనపడలేదు."

"నీకు కనపడకపోతే మనిషి లేనట్టా? నలభై ఒక్క మందిని తీసుకెళ్లా, నలభై ఒక్క మందిని తెచ్చి పడేశా. చేపల మ్యూజియం దగ్గర లెక్కపెట్టా, పక్షుల దీవి పడవ దిగాక లెక్కపెట్టా, నల్లబండ దగ్గర లెక్కపెట్టా, లైట్‌హౌస్ దగ్గర బస్సు కదిలేముందు కూడా లెక్కపెట్టా. ఇరవై రెండేళ్లలో ఒక్క తల తగ్గలేదు. ఏదీ, ఎవర్నైనా చూపించమను!"

"తలలు సరే. మొహాలు చూశావా?"

"మొహాలెందుకు? గొర్రెల్ని తోలుకొచ్చేవాడు మొహాలు చూస్తాడా?"

"చూస్తాడు బాబాయ్. ప్రతిదాని మొహం తెలుస్తుంది వాడికి."

"అయితే వాడికి పుణ్యముంటుంది. వాడి గొర్రెలు ప్రశ్నలడగవు. ఇవాళ ఒకడు అడిగాడూ, చేపల మ్యూజియంలో, అద్దం మీద కొట్టి, 'ఇవి నిజం చేపలేనా?' అని. కాదు నాయనా, లోపల మనిషి కూర్చుని తోక ఊపుతున్నాడన్నా. నమ్మాడే! పెళ్లానికి కూడా చెప్పాడు!"

"బాబాయ్, ఆ పద్దెనిమిదో..."

"ఇంకొకావిడ, పక్షుల దీవిలో. 'పక్షులు ఎన్నింటికి వస్తాయండీ?' అంట. వాటికేమన్నా డ్యూటీ చార్టు ఉందా? నల్లబండ దగ్గరైతే అడక్కు. అంత సముద్రం ముందుంటే, దానికి వీపు చూపించి నిలబడి ఫోన్లో పళ్లికిలించడం. సముద్రం కూడా సిగ్గుపడి వెనక్కి పోయుంటుంది."

"అది ఆటు వేళ అయ్యుంటుందిలే. పద్దెనిమిదో సీటు సంగతి చెప్పు. ఎలా ఉంది? బాగానే ఉందా? ఎక్కడైనా కళ్లు తిరగడం అలాంటివి..."

"ఏంటే నీకు ఇందాకటి నుంచి పద్దెనిమిది పిచ్చి పట్టింది? ఏమన్నా చుట్టమా?"

"చుట్టం... కాదు. పెద్దావిడ కదాని. ఒక్కతే వచ్చింది కదాని."

"ఒక్కతే రావడమే చెప్తోంది తిక్క మనిషని. మా డాబా మీద ట్యాంకంత టోపీ, మొహానికి మాస్కు, నల్ల కళ్లద్దాలు. దొంగతనానికి వచ్చిందా, ఊరు చూడ్డానికి వచ్చిందా?"

"మీ ట్యాంకంతా? పసుపు టోపీ ఏం కాదే అది."

"ట్యాంకే పసుపు. బస్సు రంగు మిగిలితే నేనే పూశా. సైజు చెప్తున్నా, రంగు కాదు. నోరు విప్పితే ఒట్టు ఆ మహాతల్లి. కానీ ఒకటి చేసింది చూడు, ఒళ్లు మండింది. చేపల దగ్గర నేను జోకు మొదలెట్టా. సగంలో ఉన్నా. ఇంకా అసలు మాట రాలేదు. ఇది పకపకా నవ్వేసింది! మిగతావాళ్లు నా వంక చూడాలా, దాని వంక చూడాలా?"

"నవ్విందా?"

"పడవలోనూ అంతే. నేను నోరు తెరవడం, అది నవ్వడం. పెళ్లి కాకముందే అప్పగింతల ఏడుపు ఏడ్చినట్టు. సరే, ఈ పిచ్చి నవ్వు నల్లబండ దగ్గరైనా పనికొస్తుందిలే అనుకున్నా. నా బండ జోకు తెలుసుగా? 'అదుగో, ఆ బండని చూస్తే మా ఆవిడ గుర్తొస్తుంది. సముద్రం వెయ్యేళ్లుగా మొత్తుకుంటోంది, కదలదు, వినదు, అరగదు.' బస్సు బస్సంతా దొర్లిపోయింది. అది మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది."

"ఆ జోకు ఇంకా చెప్తున్నావా నువ్వు?"

"చెప్పకేం? డబ్బులిచ్చేది దానికే."

"పిన్ని వింటే?"

"మీ పిన్ని విననిదేది? కొత్తది కట్టినప్పుడల్లా మొదట తనమీదే కదా వదిలేది. రాత్రి అన్నం తింటూ మొత్తం టూరు అప్పజెప్పుకుంటా. నిద్రలో లేపినా ఏ ఓడ ఏ ఏడు మునిగిందో చెప్పేస్తుంది. బండ జోకొక్కటే... ఇంట్లో చెప్పలేదనుకో. ఇంటి కోసం కట్టింది కాదులే అది."

"ఎప్పుడైనా తీసుకెళ్లావా, ఆ చోట్లకి?"

"ఎవర్ని, మీ పిన్నినా? ఏముందని? రాళ్లు, ఉప్పునీళ్లు, పక్షుల రెట్ట. దూరపు కొండలు నునుపు. ఏడాదికోసారి అడుగుతుంది, 'ఒక్కసారి నన్నూ తీసుకెళ్లండీ' అని. మిఠాయి కొట్టువాడు ఇంటికి మిఠాయి తెస్తాడా?"

"తెస్తాడు బాబాయ్. పండక్కైనా తెస్తాడు."

"నీకూ నోరు లేచిందే! కౌంటరులో కూర్చోబెట్టింది నేను, గుర్తుందా?"

"గుర్తుంది. లైట్‌హౌస్ దగ్గర ఆవిడ పైకెక్కిందా?"

"మళ్లీ పద్దెనిమిదేనా! ఎక్కిందనుకుంటా. కర్ర గేటు తోసుకుని లోపలికెళ్లడం చూశా. ఎక్కినవాళ్లు నయం. తొమ్మిది మంది కిందే కూలబడ్డారు, సిగ్గులేని జన్మలు. వచ్చిందే ఎక్కడానికి, ఎక్కకపోతే ఎందుకు రావడం? రెండొందల పద్నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు నా మోకాళ్లకి తెలుసు. వీళ్లు యాభై మెట్లకే గోడ పట్టుకుంటారు."

"దిగి రావడం చూశావా?"

"దిగి... బస్సులో కూర్చుంది కదా మరి. సీటు తట్టా. తల ఉంది. లెక్కపెట్టా."

"టోపీ ఉందా ఆ తలకి?"

"టోపీ... లేదు. తీసేసిందేమో. గాలి."

"ఆ సీట్లోంచి గవ్వల బుట్ట చంకన పెట్టుకుని దిగిందొకావిడ. నేను చూశా."

"గవ్వలామె అది. రోజూ లైట్‌హౌస్ దగ్గర గవ్వలమ్ముకుని మన బస్సులో ఊళ్లోకొస్తుంది. పాపం అని ఎక్కించుకుంటా. అది సీట్లో కూర్చోదు, డ్రైవరు పక్కన ఇంజను మీద..."

"ఇవాళ డ్రైవరు ఇంజను మీద స్టెప్నీ టైరు పెట్టాడు. పొద్దున్న నేనే చూశా."

"ఉండు. ఉండవే. నన్ను ఆలోచించుకోనీ."

"ఆలోచించేదేముంది? ఖాళీగా ఉందని గవ్వలామె పద్దెనిమిదిలో కూర్చుంది. నువ్వు తల తట్టి నలభై ఒకటనుకున్నావు. ఆవిడ అక్కడే ఉండిపోయింది!"

"అరవకే! ఓనరు లోపలే ఉన్నాడు. కిందటేడు ఆ మీసాల గైడు ఓ ముసలాయన్ని దీవిలో వదిలేసొస్తే గంటలో వాణ్ణి ఉద్యోగం పీకి ఇంటికి పంపించేశాడు."

"పంపించాలని పట్టుబట్టింది నువ్వే కదా. 'లెక్క రానివాడు గైడేంటి' అని."

"అప్పుడు నేనన్నది వాడి గురించి! తాడునీ పామునీ ఒకే గాటన కడతారా? ఫోను చెయ్యి ఆవిడకి. టికెట్ మీద నంబరు రాసుకుంటావుగా."

"ఇందాకటి నుంచీ చేస్తూనే ఉన్నా. ఎత్తట్లేదు."

"ఏదీ, నేను చేస్తా. చెప్పు నంబరు."

"వద్దులే. నేనే చేస్తున్నాగా."

"చెప్పవే!"

"నా ఫోన్లోంచే... సరే, నంబరు వదిలెయ్. లైట్‌హౌస్ దీపం పెద్దాయనకి చెయ్యి. ఆరింటికి తాళం వేసేస్తాడు. ఇప్పుడు అయిదున్నర."

"అదీ తెలివి. స్పీకరు పెట్టు, నీకూ వినపడనీ... హలో! పెద్దాయనా, నేను. బస్సు గైడుని."

"ఆఁ, నువ్వా! నూరేళ్లాయుష్షు. ఇప్పుడే నీ గురించే వింటున్నా."

"నా గురించా? ఎవరు చెప్తున్నారు?"

"ఇక్కడ పైన ఒకావిడ. నేను దీపం అద్దాలు తుడుస్తుంటే కటకటాల దగ్గర కూర్చుంది. సాయంత్రం వచ్చిన జనం ఓ పదిమంది చుట్టూ చేరారు. దీపం ఎప్పుడు పెట్టిందీ, ఓడ ఎక్కడ మునిగిందీ, అందులో మేకపిల్లొక్కటే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చిందీ, గడగడా చెప్పేస్తోంది. నీకన్నా బాగా చెప్తోందయ్యా."

"ఆ మేకపిల్ల నాది! నేను కల్పించా దాన్ని!"

"కల్పించావా? నాకెప్పుడూ నిజమనే చెప్పావే!"

"అంటే... అదిప్పుడు కాదులే. ఆవిడకి టోపీ ఉందా? నల్ల కళ్లద్దాలు?"

"అన్నీ పక్కన పెట్టేసింది."

"బతికించావు. పెద్దాయనా, ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టు. జీపు తీసుకుని నలభై నిమిషాల్లో వస్తా. ఈ మాట ఎవరికీ చెప్పకు. మూడో కంటికి తెలీకూడదు. అయినా ఎంత బుద్ధిలేని మనిషి! హారను కొట్టా, మూడుసార్లు కొట్టా, వినపడదూ? చెవిటిదా?"

"చెవిటిదేం కాదు, చమత్కారి. ఆ బండ జోకు చెప్పి జనాన్ని చంపేస్తోంది. 'ఆ నల్లబండని చూస్తే మా ఆయన గుర్తొస్తాడు. సముద్రం వెయ్యేళ్లుగా మొత్తుకుంటోంది, కదలడు, వినడు, అరగడు' అంది. నాకే కళ్లనీళ్లొచ్చాయి నవ్వలేక."

"ఎవరు... ఏమంది? మా ఆయనా?"

"ఆఁ. ఇంకోటి కూడా. 'ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో రెండొందల పద్నాలుగు మెట్లని వింటున్నా. ఒక్కొక్కటీ లెక్కపెడుతూ ఎక్కా. నూట ఎనభై ఏడే' అంది. సరిగ్గా చెప్పింది. రోజూ ఎక్కేవాణ్ణి కదా, నాకు తెలుసు."

"ఒక్క నిమిషం, పెద్దాయనా. అమ్మడూ."

"ఊఁ."

"పద్దెనిమిదో టికెట్టు ఎవరికి రాశావు?"

"ఒట్టేయించుకుంది, బాబాయ్. టోపీ నాదే, కళ్లద్దాలూ నావే. మూడు రోజుల నుంచి ఇద్దరం అనుకుంటున్నాం. సాయంత్రం ఆఖర్న దిగి, మాస్కు తీసి, నీ ముందు నిలబడాలనుకుంది. నీ మొహం ఎలా మారుతుందో చూసి నవ్వాలనుకుంది. అంతే. అంతకన్నా ఏమీ లేదు."

"పొద్దున్న నాకు కేరేజీ కట్టిచ్చింది. చేతికిచ్చింది."

"నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లావంట. చెప్పి నవ్వింది. అప్పటికింకా నవ్వుతోంది."

"పెద్దాయనా... ఫోను ఆవిడకివ్వు."

"ఇదిగో. అమ్మా, నీకేనంట."

"ఏమండీ."

"నువ్వు... నువ్వక్కడేం చేస్తున్నావే? మతుందా నీకు? చెప్పా పెట్టకుండా, మాస్కులేంటి, టోపీలేంటి! నా ఉద్యోగం..."

"ఊడదులెండి. నలభై ఒకటి సరిపోయిందిగా."

"హారను వినపడలేదా?"

"వినపడింది. మూడుసార్లూ వినపడింది. అప్పటికి తొంభై రెండో మెట్టు మీదున్నా. మోకాళ్లు కదా, మెల్లగా ఎక్కుతున్నా. చిన్న కిటికీ ఉంది అక్కడ. నేను లేనని చూసుకుని ఆగుతారేమోనని నిలబడ్డా. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డా. సరే, మిగతావి కూడా లెక్కపెడదాంలే అనుకున్నా."

"అది... గవ్వలామె కూర్చోబట్టి... తల కనపడింది... నాకేం తెలుసు నువ్వని!"

"నిజమే. మీకేం తెలుసు. ఒకటడుగుతా, చెప్తారా?"

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం. పిల్ల వింటోంది ఇక్కడ."

"విననివ్వండి. బస్సు చుట్టూ తిరిగొస్తుంది కాబట్టి ఇదేదో చాలా దూరమనుకున్నా. పైకొచ్చి చూస్తే నీళ్లకి అవతల ఒడ్డునే మన ఇల్లు. మన పసుపు ట్యాంకు ఎంత బాగా కనపడుతోందనుకున్నారు! నేను పొద్దున్న ఆరేసిన తెల్ల దుప్పటి కూడా. మధ్యాహ్నం పూట డాబా మీద నేను తిరుగుతుంటే కూడా కనపడతా, కదా? ఓడల సంగతి చెప్పారు, మేకపిల్ల సంగతి చెప్పారు. ఇరవై రెండేళ్లలో ఒక్క పూటైనా, 'ఇవాళ పైనుంచి మన ఇల్లు చూశానే' అని ఎందుకు చెప్పలేదు?"

"అదీ... ఇక్కడ ఎండాకాలం పొగమంచు ఎక్కువ..."

"ఎండాకాలం పొగమంచా?"

"కాదు... జనం గోలలో... అటువైపు నేను..."

"ఊఁ, చెప్పండి."

"నేను... నేనెప్పుడూ పైకి ఎక్కలేదే."

"తెలుసు. ఎక్కేముందు చూశా, కింద టీ కొట్టాయన మీకు కుర్చీ వేస్తూ చెప్పాడు, 'ఇది గైడుగారి కుర్చీ, ఆయన రోజూ ఇక్కడే కూర్చుంటారు' అని. నేను పైనే ఉంటా. ఎక్కొచ్చి తీసుకెళ్లండి."