బాబాయ్‌కి తొడిగిన చొక్కా

హలో… ఆ, నేనే. పిన్నివాళ్ళింట్లో ఫోన్ ఇంకెవరెత్తుతారు? మా ఆయన దాని పక్కనే కూర్చున్నారు. మోగినంతసేపూ దాన్నే చూస్తున్నారు, ఎప్పటికైనా అదే ఆగకపోతుందా అని. అదే నేను వంటింట్లో టీ కప్పు కదిపితే చాలు, మేడ మీదున్నా వినబడుతుంది ఆయనకి—

సరే, సరే. నీకు తొందర. చెప్పు అన్నయ్యా.

నువ్వు పంపిన కారు కిందే ఉంది, చూశాను.

లేదు. పిన్ని రాదు.

ఒంట్లో బాగానే ఉంది. రానంది.

రానంటే రాననే. అందులో విడమరిచి చెప్పడానికేముంది?

తెలుసు. సాయంత్రం మీ కాలనీ సంఘం ఆఫీసులో బాబాయ్ పటం పెడుతున్నారు. పిన్ని తెర తీయాలి. పక్కన నువ్వు నిలబడాలి. పేపరువాళ్ళు ఫొటో తీసుకోవాలి. వచ్చేవారం సంఘం ఎన్నికల్లో నువ్వు పోటీ… అదీ తెలుసు.

ఏంటా చప్పుడు? అప్పుడే గోడకి మేకులు కొట్టిస్తున్నావా?

అరవకు. నా చెవులు బాగానే ఉన్నాయి. వినపడనిది పిన్నికి. చెవిలో మిషన్ తీసి బల్ల మీద పెట్టేసింది. నిన్న నీ సంతాపసభ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే.

ఎందుకా? ఇంకేం వినాలని లేదట.

…

నేనూ అక్కడే ఉన్నాను కదా, మొదటి వరసలో. చేతిసంచీ జిప్పు లాగుతూ, మూస్తూ. అదేం ఫ్లెక్సీ అన్నయ్యా? బాబాయ్ మొహంకన్నా నీ నవ్వు పెద్దది. ఆయనకి జన్మలో లేని మీసం. చేతిలో తుపాకీ.

స్టూడియోవాడు చేశాడా? "కాస్త వీరుడిలా కనిపించాలి" అని వాడికి ఎవరు చెప్పారు?

ఆ… అదీ.

పోనీ, ఆ చొక్కా సంగతేంటి? … మిలిటరీ చొక్కానే, కాదన్నానా? ఎవరి మిలిటరీ? మీ స్టూడియోవాడు ఎక్కడో దొరికిన బొమ్మ తెచ్చి, దాని మీద బాబాయ్ తల అతికించాడు. అది మనవాళ్ళ చొక్కా కాదు నాయనా. అవతలివాళ్ళది. బాబాయ్ ఎవరి మీద యుద్ధానికి వెళ్ళాడో వాళ్ళ చొక్కా ఆయనకే తొడిగి, దండ వేసి, హాలు మొత్తాన్నీ లేపి నిలబెట్టావు.

…

ఉన్నావా?

ఎలా తెలుసంటే, అసలు చొక్కా పిన్ని బీరువాలో ఉంది. ఏటా ఉతికి, ఎండేసి, మడిచిపెట్టే మనిషికి ఆ కాలరు తెలీదా? నిన్న ఇంటికి రాగానే మా ఆయన్ని పంపి ఆ ఫ్లెక్సీ విప్పించి తెప్పించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

అదొక్కటే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. బాబాయ్ ఉంటే ముందు ఆయనే నవ్వేవాడు. కానీ మైకు పట్టుకుని నువ్వు చెప్పిన కథ! ఛీ… నా ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది. "గుంటలోకి దూకి, శత్రువు పీక ఒట్టి చేతులతో నులిమి"… నులమడం ఎలాగో చేత్తో చూపించావు కూడా. జనం చప్పట్లు. వెనకెవడో ఈల. పిన్ని నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి.

"అందరూ కాస్త పెంచి చెప్తారు"… ఇది పెంచడమా?

అది ఏ కథో నీకు తెలీదూ? చిన్నప్పుడు మనిద్దర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. యుద్ధంలో బాబాయ్ టెలిఫోన్ లైన్‌మాన్. వీపున వైరు చుట్ట మోసుకుని తిరిగాడు. గుండ్లు పడి తీగ తెగినప్పుడల్లా పాక్కుంటూ వెళ్ళి అతకడం ఆయన పని. అలా ఒకసారి గుంటలోకి దిగితే అక్కడ అవతలివాడొకడు, చేతిలో కటింగ్ ప్లయర్. వాడూ తెగిన తీగ కోసమే వచ్చాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఎవరి తీగ వాళ్ళు వెతుక్కున్నారు. బాబాయ్ దగ్గర తీగకి చుట్టే టేపు అయిపోతే వాడు తనది చింపి ఇచ్చాడు.

ఆ, అంతే. అదే కథ. "వాడి పేరేంటి బాబాయ్?" అని అడిగింది నువ్వే. "అడగలేదురా" అన్నాడాయన.

ఆ టేపిచ్చినవాడి పీక నిన్న నువ్వు నులిమావు. హాల్లో, మైకు ముందు.

…

"వైరు అతికేవాడికి ఎవడు చప్పట్లు కొడతాడు"… ఆ, నీ మాటే. మళ్ళీ నీకే వినిపిస్తున్నాను. బాగుందా?

పిన్నా? నేల మీద నీ ఫ్లెక్సీ పరుచుకుని, కత్తెర పట్టుకుని కూర్చుంది. ముందు నీ నవ్వు కత్తిరించింది. దాన్ని తడి బకెట్ కింద వేసింది, సరిగ్గా సరిపోయింది. తర్వాత మెడ దగ్గర్నుంచి బాబాయ్ మొహం వేరు చేసింది. చొక్కా ముక్క మిగిలితే నేను చుట్టి చెత్తబుట్టలో వేయబోయాను. చెయ్యి పట్టుకుని ఆపింది. "పారెయ్యకే. ఆ టేపిచ్చినాయన చొక్కా అది" అంది.

ఆ. మడిచి, బీరువాలో బాబాయ్ చొక్కా పక్కన పెట్టింది.

…

ఇంకోటి విను.

ఈ ఇంట్లో బాబాయ్ నల్ల టేపు చుట్టని వస్తువేది అన్నయ్యా? బకెట్ పిడి, పిన్ని కళ్ళజోడు, నీ మొదటి సైకిల్ హ్యాండిల్. ఇప్పుడు మా ఆయన ఆనుకున్న కుర్చీ చెయ్యి కూడా. ఆ టేపు లేకపోతే ఈపాటికి ఈయన నేల మీద ఉండేవారు… లేదండీ, మిమ్మల్ని కాదు.

ఆదివారం పొద్దున్న వచ్చే ఫోన్ గుర్తుందా? "ఏం లేదమ్మా, లైన్ చూస్తున్నా" అనేవాడు. బాగున్నావా అని కూడా అడగడు. మన గొంతు వినపడితే చాలు, పెట్టేసేవాడు. మా పిల్లలు ఆయన్ని 'లైన్ తాతయ్య' అనేవాళ్ళు. నువ్వు ఎత్తడం ఎప్పుడు మానేశావు?

పనుల్లో ఉండి. ఆ.

నీకొకటి తెలీదు… వద్దులే, పోనీ.

సరే, అడిగావు కాబట్టి. నువ్వు వరసగా ఎత్తకపోయేసరికి, "వాడి లైన్ తెగినట్టుంది, చూసొస్తా" అని సంచిలో ప్లయరూ టేపూ పడేసుకుని బయల్దేరాడు. ఆ మోకాళ్ళతో, రెండు బస్సులు మారి. మీ గుమ్మంలోనే ఎవరో "మీటింగ్‌లో ఉన్నారు" అని చెప్పారట. మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాడు. ఏమైందని పిన్ని అడిగితే, "లైన్ బాగానే ఉంది, వాడే పనిలో ఉన్నాడు" అన్నాడు.

…

అన్నయ్యా?

ఏమన్నావు?

…ఆ రోజు ఇంట్లోనే ఉన్నావా.

కిటికీలోంచి చూశావా…

…

లేదు, నేనేం అనను. ముందు ఆ మేకులు కొట్టేవాణ్ణి ఆపమను. తలలోకి దిగుతున్నట్టుంది.

…ఆ. ఆగింది.

నాకెందుకు చెప్తావు? నాకు కాదు, పిన్నికి చెప్పు.

మిషన్ పెట్టుకోదన్నానా. నువ్వు నాకు చెప్పు, నేను ఆవిడకి అరిచి చెప్తా. … అవును, ఇల్లంతా వింటుంది. వీధి కూడా వింటుంది, కిటికీ తీసే ఉంది. నిన్న మైకులో చెప్పినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?

పిన్నీ! ఇటు చూడు! అన్నయ్య! … ఆ, ఫోన్లో! ఏదో చెప్తాడట!

కానీయ్, చెప్పు.

"బాబాయ్ ఎవర్నీ చంపలేదు" అంటున్నాడు పిన్నీ!

ఊఁ… తర్వాత?

"చప్పట్ల కోసం నేనే అల్లాను!"

పటం? … "పటం దింపించేస్తున్నాను! రేపు అందర్నీ పిలిచి అదే మైకులో అసలు కథ చెప్తాను!"

ఇంకా ఉంది కదా, మింగకు. … గట్టిగా అను, సరిగా వినపడట్లేదు… ఉండు, ఉండు. పిన్ని కత్తెర కింద పెట్టింది. లేస్తోంది. మిషన్ తీసుకుని… చెవిలో పెట్టుకుంటోంది.

ఇదిగో, ఫోన్ ఆవిడకీ నాకూ మధ్యలో పట్టుకున్నా. నీ మాటలు నేను మోయను ఇక. నువ్వే అను.

…

…

విన్నావా పిన్నీ? "తప్పు నాదే" అన్నాడు.

…అన్నయ్యా, ఇంకోసారి అనమంటోంది.

లేదులే, మొదటిసారే వినపడింది. లైన్ చూస్తోంది, అంతే.