మొక్కు చీర

గద్వాలలో ఒక నేతింట్లో, తీర్పు వచ్చిన మూడో రోజు పొద్దున. మగ్గం గుంట పక్కన కూర్చున్నది రామస్వామి. గడప దగ్గర నిలబడ్డది అతని బావమరిది రాఘవేంద్ర.

“ఫొటో ఇయ్యి బావా. గంతే అడుగుతున్న.”

“ఫొటో లేదు.”

“గోడకున్నది గదా, దండేసి.”

“అది గోడకే ఉండాలె.”

“ఫ్లెక్సీ కొట్టేటోడు మిషిన్ కాడ కూసున్నడు. పదింటికి ర్యాలీ. అక్క మొకం లేకుంట ర్యాలీ ఏంది? నీ పెండ్లాం, నా అక్క. జోగులమ్మ అంటే గద్వాలల తెల్వనోళ్లు లేరిప్పుడు.”

“బతికున్నప్పుడు తెల్వకపాయె.”

“ఏమన్నవ్?”

“ఏం లే. చాయ తాగుతవా?”

“చాయ వద్దు. అడగకుంటనే దుకాన్లు బందు పెడుతున్నరు బావా. బట్టల దుకాణం వెంకట్రాములు గూడ షటర్ దించిండు.”

“మీ అక్క సచ్చిన దినం దించలే వాడు.”

“ఇప్పుడు దించిండు గదా. కాలేజి పోరీలు, ఆడోళ్లు, మన నేత సంఘపోళ్లు, అందరొస్తున్నరు. వనపర్తి నుంచి ఒక బండి, నాగర్‌కర్నూల్ నుంచి రెండు బండ్లు. ఎవల ఫోన్ల సూసినా అక్కనే. రెండేండ్ల సంది కోర్టు సుట్టు మనిద్దరమే తిరిగినం. ఆ మహేందర్‌గాడు మొన్న కోర్టు మెట్లు దిగుకుంట నవ్విండు. సూసినవా?”

“సూసిన.”

“చీరలు కొనుకపోనీకి వస్తే ఇంట్ల కూసోవెట్టి అన్నం పెట్టింది వానికి. పుస్తెలతాడు కోసం గొంతు పిసికి కాలువల ఏసిండు. ఆ తాడు యాడ కరగవెట్టిండో ఇయ్యాల్టికి దొరకలే. నాకేం తెల్వదన్నడు, ఇడ్శిపెట్టిన్రు. ఎంత తిన్నడో ఆ జడ్జి.”

“జడ్జి తినలే. కాయితం మీద ఉన్నది సదివిండు.”

“నువ్వు గిట్ల మాట్లాడుతవు గనుకనే జనం ఒక తీరు అంటున్నరు.”

“ఏమంటున్నరు?”

“వద్దులే.”

“చెప్పు.”

“పెండ్లాం పోయినోనికే లేదు, మనకెందుకీ పరేషాన్ అని. చాయ హోటల్ల అన్నరు. నేను కాలరు వట్టుకున్న.”

“వాళ్లన్నదాంట్ల తప్పేమున్నది?”

“బావా.”

“పట్టుకోకుంటివి కాలరు.”

“సరే. ఫొటో వద్దు, నా ఫోన్ల పెండ్లి ఫొటో ఉన్నది, అండ్ల నిన్ను కోసేసి అక్కను పెడ్త. నువ్వన్న రా. జర ముందల నడువు. మైకు గూడ వద్దు. ఎర్రవల్లి దాంక రా, సాలు.”

“ర్యాలీ గద్వాలల గదా. ఎర్రవల్లి ఎందుకు?”

“సాంసన్ ఇంటికి.”

“ఆటో సాంసనా?”

“ఇంకెవడు. మన గద్వాల నుంచి అక్కను ఎర్రవల్లి చౌరస్త దాంక ఆటోల తీసుకపోయింది వాడు. ఆడ దిగి మహేందర్‌గాని కారెక్కంగ సూసింది వాడు. తీరా కోర్టుల పల్టీ కొట్టింది వాడే.”

“ఎవలు చెప్పిన్రు నీకు?”

“పేపర్ల రాసిన్రు. ఇగో, సదువుత విను. ‘ప్రధాన సాక్షి మాట మార్చడంతో కేసు వీగిపోయింది.’ ప్రధాన సాక్షి అంటే ఎవడు? కారెక్కంగ సూసినోడు.”

“పేరు రాసిన్రా అండ్ల?”

“పేరెందుకు? ఊరందరికి ఎరుకనే.”

“ఊరందరికి ఎరుక.”

“నిన్న పొద్దుమీకినంక వాని ఆటో అద్దాలు పగలగొట్టిన్రు.”

“ఎవలు?”

“ఎవలో.”

“నువ్వున్నవా?”

“మస్తు మంది ఉన్నరు ఆడ.”

“రాఘవేంద్రా. నువ్వున్నవా?”

“ఉన్న. నేను కొట్టలే.”

“ఆపినవా?”

“ఆపలే. ఎందుకాపుత? వాని పెండ్లాం నిరోష బైటికొచ్చి, ఏసుప్రభువు మీద ఒట్టు, మా ఆయన సూసింది సూసినట్టే చెప్పిండు అన్నది. ఒట్లు ఎవడు నమ్ముతడు? ఇయ్యాల ఇంటి మీదికే పోతమంటున్నరు పోరగాండ్లు. నువ్వు ముందల ఉంటే అదుపుల ఉంటరని…”

“వాడు చెప్పిండు.”

“ఏంది?”

“సాంసన్. కోర్టుల చెప్పిండు. చీర సంచి సంకల వెట్టుకొని ఎక్కింది, నా కండ్లతోని సూసిన అన్నడు. మహేందర్‌గాని వకీలు నాలుగు సార్లు తిప్పి తిప్పి అడిగిండు. నాలుగు సార్లు అదే చెప్పిండు. చెమట్లు కారుతున్నయ్ వానికి. మాట మాత్రం తప్పలే.”

“నీకెట్ల తెల్సు?”

“నా సాక్ష్యం వాని కంటే ముందే అయింది. అయినంక లోపటనే కూసున్న. నువ్వు ఆఖరి సాక్షివి, నీ వంతు వచ్చేదాంక బైట ఉంచిన్రు.”

“మరి మొన్నటి సంది ఎందుకు చెప్పలే? ఆటో పగిలినంక చెప్తున్నవ్.”

“కూసో.”

“కూసోనీకి టైం లేదు. మరి మాట మార్సింది ఎవలు?”

“కూసో రా.”

“…కూసున్న. చెప్పు.”

“కార్ల దొరికిన చీర యాదికున్నదా?”

“ఎట్ల మరుస్త? మొక్కు చీర. బీచుపల్లి గుడిల సీతమ్మకు కట్టిస్తనని సంచిల పెట్టుకొని పోయింది. వాని సీటు కింద దొరికింది. చీరల బేరం చేసేటోన్ని, వంద కొంట, వంద అమ్ముత, ఇది ఎవరిదో నాకేం ఎరుక అన్నడు వాడు. అందుకే గదా నిన్ను పిలిచింది. నీ నేత నువ్వు గుర్తువడ్తవని.”

“నా నేత.”

“నీ చేతి పని గద్వాలల కండ్లు లేనోడు గూడ తడిమి చెప్తడు. సంఘం శాలువ ఊకెనే కప్పలే నీకు.”

“శాలువ కప్పి ఎన్నేండ్లాయె?”

“నాలుగేండ్లు. ఇప్పుడెందుకది?”

“నా చేయి వట్టుకో.”

“ఏంది బావా?”

“కుడి చేయి. వట్టుకో అంటున్న.”

“…వణుకుతుంది. జరమొచ్చిందా? దవాఖానకు పోదమా?”

“ఏడేండ్ల సంది గంతే.”

“ఏడేండ్లా? మరి మగ్గం?”

“తలుపేసుకొని నేసేది మీ అక్క. నూలు కండెలు సుట్టేది నేను. ఎవలన్న తలుపు కొడితే ఆమె లేసి రాట్నం కాడ కూసునేది, నేను గుంటల దిగేది. నువ్వొచ్చినప్పుడు గూడ.”

“నాకు గూడ చెప్పలే అక్క.”

“చెప్పొద్దన్న. మగోడు కండెలు సుట్టుకుంట కూసున్నడంటే సంఘంల నగుతరన్న.”

“శాలువ వచ్చిన చీర?”

“ఆమెదే. నాకు శాలువ కప్పుతుంటే ఆఖరి వరసల కూసోని సప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చి మడత వెట్టి పెట్టెల దాసింది.”

“మరి మొక్కు చీర…”

“నా చేయి నయం గావాలెనని మొక్కుకున్నది. నువ్వు కండె గూడ సుట్టొద్దు, పోగు పోగు నా చేతిదే ఉండాలె అన్నది. ఒక్కతే సుట్టుకొని, ఒక్కతే నేసింది.”

“పోలీసోళ్లకు నేనే నేసిన అని రాసిచ్చినవ్ గదా మరి.”

“ఊరికి చెప్పిందే వాళ్లకు చెప్పిన. అలవాటైంది. కోర్టుల బోనెక్కినంక చీర విప్పి చేతుల పెట్టిన్రు. చీరకు అంచు కలిసే కాడ పోగుల మెలిక సూసిన. మీ అక్కది ఎడమచేతి వాటం. అందరి మెలిక కుడికి పడ్తది, ఆమెది ఎడమకు పడ్తది. ఎన్ని చీరల్ల కలిపినా దొరకవడ్తది. మహేందర్‌గాని వకీలు ఎవలో నేసేటోన్ని అడిగొచ్చిండు. ఇది ఎడమచేతోళ్ల పని గదా, నువ్వు కుడిచేతోనివి గదా అన్నడు.”

“ఎడమచేత్తోని గూడ నేస్త అంటే అయిపోతుండె.”

“రెండు పోగులు చేతికిచ్చిండు. మెలిక ఏసి సూపెట్టు అన్నడు.”

“ఏసినవా?”

“ఆ ఒక్క దినం సంఘపోళ్లు వచ్చి ముందల వరసల కూసున్నరు; సంఘం పరువు పోతదని బైట ఒక్కలు నోరిప్పలే. శాలువ కప్పినాయన గూడ ఉన్నడు. చేయి తీసి అంగి జేబుల పెట్టుకున్న. ఇది నేను నేసింది కాదన్న.”

“కాదు… అది నిజమే గదా బావా. అబద్ధం గాదు గదా. అక్క నేసింది, ఇది నా భార్య చేతి మెలిక అంటే ఇంకా గట్టి సాక్ష్యం. ఆడ్నే దొరుకుతుండె వాడు.”

“దొరుకుతుండె.”

“మన వకీలు ఏం జేసిండు?”

“నా మొకం దిక్కు సూసి కూసున్నడు.”

“బైట పిలుస్తున్నరు. బండ్లు వచ్చినయ్ గావచ్చు.”

“పోయి చెప్పు. ఎర్రవల్లికి పోవద్దను. సాంసన్ జోలికి పోవద్దను. అద్దాలు పగలగొట్టాలంటే ఈడికి రమ్మను. మగ్గం ఉన్నది, నేనున్న.”

“జర ఆగు. నువ్వు నాది కాదన్నవ్. గంతవరకు నేను చెప్పుకుంట వాళ్లకు. భయపడ్డడు, ఆగమైండు అని చెప్త. మరి ఎవలు నేసిన్రని అడగలేదా నిన్ను?”

“జడ్జే అడిగిండు.”

“అక్కదని చెప్పినవ్ గదా.”

“ఫొటో తీస్కపో. గోడకున్నది.”

“ఫొటో సంగతి గాదు బావా. రోడ్డు మీద మూడు వందల మంది నిలవడ్డరు, నేనేం చెప్పాలె? జడ్జి అడిగినప్పుడు ఏమన్నవ్?”

“రెండు సార్లడిగిండు. రెండు సార్లు తెల్వదన్న.”