అరిగిపోయిన గీతలు

ఇంటి వెనక షెడ్డులో ఒకవైపు లేత్, మరోవైపు మిల్లింగ్ మిషన్ ఉన్నాయి. మధ్యలో కూర్చుని భర్త, కొలతల్ని అంకెల్లో చూపించే డిజిటల్ రీడౌట్ల కేటలాగు తిరగేస్తున్నాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

“ఉన్నట్టుండి ఈ అంకెల డబ్బాలు ఎందుకండీ? ఇన్నాళ్లూ చేతిచక్రం మీద గీతలు చూసే కదా కొలిచారు?”

“ఆ గీతలు అరిగిపోయాయే.”

“రెండు మిషన్లకీ ఒకేసారి అరిగాయా?”

“పాత మిషన్లు కదా మరి.”

“ఏదీ, ఆ లేత్ డయల్ ఎంత చూపిస్తోందో చదవండి.”

“వెలుతురు చాలడం లేదు.”

“లైటు నెత్తి మీదే ఉంది. కళ్లజోడు మార్చాలని డాక్టరుగారంటే ఆయన మీదే ఎగిరారు.”

“నా కళ్లకేం ఢోకా లేదు. మొన్న పంపుకి చేసిన బుష్ చూశావుగా, వెంట్రుకవాసి తేడా రాలేదు!”

“మీరు చేసింది వదులైపోయిందండీ. మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేను ఇంకోటి చేసి బిగించాను.”

“నువ్వా? లేత్ మీదా?”

“ఇన్నేళ్లూ మీ పక్కన నిలబడి చూసింది ఊరికేనా? లేత్‌కి అడ్డం, పొడుగు చూపించేది చాలు. మిల్లింగ్ మిషన్‌కి మాత్రం లోతు కూడా చూపించేది తీసుకోండి. అక్కడ నాకూ తిప్పలుగానే ఉంది.”

ఆయన నవ్వేశాడు.

“సరే, ఒప్పుకున్నాను తల్లీ. వీటిని ఎంత ఎత్తులో బిగించమంటావు?”

“నా కళ్లకి సరిపోయేలా బిగించండి. మీరు కాస్త వంగి చూసుకుందురుగాని.”