రివైజ్డు రిటర్ను

డిసెంబరు నెల ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. గాజువాకలో ఒక రెండు గదుల సొంత ఇల్లు. దొరబాబు బి-షిఫ్టుకి వెళ్ళేముందు అన్నం తింటున్నాడు. అతని ఫోను పట్టుకుని భార్య సూర్యకళ ఎదురుగా కూర్చుంది. ఒంటిగంటకి కంపెనీ బస్సు వీధి చివరికి వస్తుంది.

“కోసుకున్నారు గదా బావా! నెలనెలా నీ జీతంలోనే టేక్సు కోసుకున్నారు గదా! మళ్ళీ మనం కట్టాలంటారేటి?”

“నాకేటి తెలుసు కళా. మెసేజీ వొచ్చినాది, సూపించాను.”

“నువ్వు సూపించనేదు. నానే సూసాను. మూడున్నాయి. మొదటిది పన్నెండో తారీకుది. పదహారు రోజులు జేబులో ఎట్టుకుని తిరిగావు.”

“పులుసు కొంచెం ఎయ్యి.”

“గిన్నె నీ పక్కనే ఉంది.”

“ఆఁ... ఔను.”

“మాట మార్సకు. ఏటి రాసారో మళ్ళీ సదువుతాను, ఇను. మీ రిటర్నులో తప్పు మినహాయింపులు ఉన్నట్టు అనుమానం, ముప్పయ్యొకటో తారీకులోగా మీ అంతట మీరే సరిసేసుకోండి. ఇయ్యాల ఇరవయ్యెనిమిది.”

“సరిసేసుకోకపోతే?”

“అదే రాయనేదు. రాసుంటే ఇంత బయ్యం ఉండదు.”

“అందరికీ వొచ్చింది కళా. మా షెడ్డులో పద్నాలుగు మందికి వొచ్చింది.”

“పద్నాలుగు మందికి వొస్తే మనకి తగ్గుద్దేటి? ఆగస్టులో అరవయ్యారు వేలు బ్యాంకులో పడ్డాయని కేజీ కోవా తెచ్చావు. ఏటన్నావు ఆ రోజు? కంపెనీ ఎక్కువ కోసేసినాది, గవర్నమెంటు తిరిగిచ్చేసినాది అన్నావు.”

“అర్జునరావు అలాగే సెప్పాడు.”

“ఎవడా అర్జునరావు?”

“గేటు కాడ రిటర్నులు రాస్తాడు. టీకొట్టు పక్కన చిన్న గది, ఒక కంప్యూటరు. కంపెనీ ఇచ్చిన ఫారం పదహారు ఆడికిచ్చేస్తే సాలు. పదిశాతం తీసుకున్నాడు.”

“ఆడికి ఫోను సెయ్యి.”

“స్విచ్చాఫ్.”

“గది?”

“తాళం.”

“సూసావా? సూసావా మరి? నాకు తెలుసు. పొద్దున్నే మధులతకి ఫోను సేసాను.”

“దానికెందుకు సెప్పావు?”

“మా అక్క కూతురు కాబట్టి సెప్పాను. ఆడిటరు దగ్గర పనిసేస్తంది కాబట్టి సెప్పాను. నీ పాస్‌వర్డు ఎట్టి రిటర్ను మొత్తం తీసి పంపింది. అబద్ధవయినవన్నీ సెప్పు పిన్నీ, అవి తీసేసి మళ్ళీ రిటర్ను ఏస్తాను అన్నాది. రివైజ్డు రిటర్ను అంటారట. వొచ్చిన డబ్బు వడ్డీతో కట్టేస్తే గొడవుండదట.”

“ఊరంతా సాటింపు ఎయ్యి.”

“అది ఎవలికీ సెప్పదు. నానూ సెప్పను. ఈ గుమ్మం దాటి ఒక్క మాట పోకూడదు. రేపు కీర్తన కాలేజీలో తెలిస్తే, మీ నాన్న దొంగ లెక్కలు రాసాడట అంటే, గుంట తలెత్తుకుంటాదేటి? ఇదిగో, నువ్వే సూడు.”

“నువ్వు సదువు. సేతికి మెతుకులున్నాయి.”

“ఎడం సేత్తో పట్టుకో.”

“సదవ్వే తల్లీ. బస్సొచ్చేస్తాది.”

“సరే. ఒక్కొక్కటీ సదువుతాను. నిజవా, అబద్ధవా. ఒక్క మాటే సెప్పు. పీఎఫ్, ఎల్లైసీ, కీర్తన ఫీజు, మొత్తం లక్షన్నర.”

“నిజం. అది కంపెనీకి తెలుసు.”

“తరవాత. ఇంటద్దె. నెలకి ఎనిమిది వేలు. ఎవలికిస్తన్నావో తెలుసా?”

“ఎవలికి?”

“ఇంటి ఓనరు పేరు పోతమ్మ. ఊరు యారాడ.”

“మీ అమ్మా!”

“మా అమ్మే. ఆవిడ పెంకుటిల్లు వానకి కారతంది, రెండు రేకులు ఏయించమని నాను మూడేళ్ళనుంచి అడుగుతన్నాను. నువ్వు నెలనెలా అద్దె ఇస్తన్నావట.”

“ఓనరు పేరు కావాలంటే ఎవలో ఒకలి పేరు సెప్పమన్నాడు. నోటికొచ్చింది సెప్పాను.”

“మంచి పేరే వొచ్చింది నోటికి. అబద్ధం. తీసెయ్యమంటన్నాను. తరవాత. కుటుంబానికి ఆరోగ్య బీమా, ఇరవయ్యయిదు వేలు.”

“అది... అబద్ధం.”

“తెలుసు. బీమా ఉంటే మా అమ్మ గర్భసంచి ఆపరేసనుకి నా గొలుసు ఎందుకు బ్యాంకులో ఎడతాం? తరవాత. అయ్యబాబోయ్. రాజకీయ పార్టీకి సందా, లక్షా ఇరవై వేలు.”

“ఏ పార్టీ?”

“నన్నడుగుతావేటి? సందా నువ్వు కదా ఇచ్చావు.”

“పేరు సదువు.”

“ఈ పేరు నానెప్పుడూ ఇన్నేదు. ఈ పార్టీ వోలు ఓట్లకి కూడా రానేదు మన వీధికి. నవ్వకు బావా.”

“నవ్వట్లేదు.”

“నవ్వావు. నాకు ఏడుపొస్తంది. వడ్డీతో కలిపి డెబ్బై వేలు దాటుద్దంట. మన దగ్గరున్నది ఏటి? నాను పాడిన సీటీ డబ్బు, ఎనభై వేలు. అది కీర్తన నర్సింగు ఫీజు. జనవరి పదికి కట్టాల. ఇది కడితే అది నేదు.”

“కళా, కంపెనీకి రాస్తారేటి ఈలు?”

“ఎవలు?”

“ఇన్‌కంటేక్సు వోలు. కంపెనీకి కాయితం రాస్తారేటి?”

“మనం సరిసెయ్యకపోతే అడగొచ్చు అన్నాది మధులత. మీ వోడు ఇవన్నీ సెప్పాడు, మీ దగ్గర కాయితాలున్నాయా అని.”

“అన్నీ అడుగుతారా?”

“నాకేటి తెలుసు?”

“నువ్వు దాన్ని అడుగు. ఒక్కొక్కటీ అడుగుతారా, మొత్తం మీద అడుగుతారా?”

“డెబ్బై వేలు పోతన్నాయంటే పులుసు ఎయ్యమన్నావు. కంపెనీ అనగానే సెమట్లు పట్టాయి నీకు. అందుకే అంటన్నాను, ఒక్క అబద్ధం కూడా ఉంచొద్దు. అన్నీ తీసేద్దాం. నీ ఉద్యోగం ఉంటే ఫీజు ఎలాగో కట్టుకుంటాం.”

“అయిపోయాయా?”

“ఒకటుంది. ఇదయితే మరీ సిగ్గుమాలిన పని. ఎనభై యూ అని ఉంది. డెబ్బయ్యయిదు వేలు మినహాయింపు. నువ్వు వికలాంగుడివట బావా. సదువుతాను ఇను. పన్ను కట్టే వ్యక్తికే వైకల్యం. స్వయంగా నీకే. రాయి లాంటి మనిషిని పట్టుకుని ఎలా రాసాడు ఆడు? నోరు పడిపోను. తీసెయ్యమని మెసేజీ ఎడతన్నాను.”

“అది ఉంచు.”

“ఏటి?”

“అదొక్కటీ ఉంచు. పదిహేను వేలు మిగులుద్ది.”

“పదిహేను వేలకి కుంటోడివో గుడ్డోడివో అయిపోతావేటి? ఒద్దు. అశుభం. అన్నీ తీసి ఇదొక్కటీ ఉంచితే ఏటి సెప్తాం రేపు?”

“ఏటీ సెప్పక్కర్లేదు. కాయితం ఉంది.”

“ఏ కాయితం?”

“మజ్జిగ పొయ్యి.”

“ఏ కాయితం బావా? ఇక్కడ నంబరు కూడా ఉంది. ఇంత పొడుగు నంబరు. ఇది కూడా అర్జునరావు కల్పించేసాడేటి?”

“నంబరు ఆడు కల్పించనేదు. నానిచ్చాను.”

“నీకెక్కడిది?”

“సదరం కేంపులో ఇచ్చారు.”

“సదరం... పింఛన్లకి సర్టిఫికెట్లు ఇస్తారు, ఆ కేంపా? అక్కడికి నువ్వెందుకెల్లావు? ఎప్పుడెల్లావు?”

“ఫిబ్రవరిలో.”

“ఫిబ్రవరిలో నువ్వు సెలవెట్టింది ఒక్క రోజు. ఎలమంచిలి పెళ్ళికి.”

“ఆ రోజే.”

“పెళ్ళి ఎవలది మరి?”

“పెళ్ళి నేదు.”

“బావా.”

“అర్జునరావు అన్నాడు, నిజవైన కాయితం ఏదైనా ఒకటుంటే తెమ్మని. మిగతావి ఆడే సూసుకుంటానన్నాడు. ఇచ్చాను. కంపెనీకిచ్చుంటే ఆ పదిహేను వేలు జీతంలో కొయ్యకుండానే ఒగ్గేద్దురు. కంపెనీకివ్వలేను. అందుకే రిటర్నులో ఎట్టాడు. అది తీసెయ్యకు. ఆడు రాసినవాటిలో అదొక్కటే నిజం.”

“ఏటయ్యింది నీకు?”

“కళ్ళు.”

“కళ్ళకేటి? సూత్తన్నావు గదా నన్ను.”

“ఎదురుగా కూర్సుంటే సూత్తాను. నీటికాసులు అంటారంట. లోపల నరం ఎండిపోతంది. నడిమధ్యది ఉంటాది. పక్కలు పోతాయి.”

“పోతాయంటే?”

“పోయాయి. ఉద్యోగం పోతే పింఛనుకైనా పనికొస్తాదని కేంపుకెల్లాను. నలభయ్యయిదు శాతం అని రాసారు.”

“మందు నేదా?”

“సుక్కలు ఏస్తన్నాను. ఉన్నది నిలబెట్టడానికి. పోయింది రాదు అన్నాది డాక్టరమ్మ.”

“ఎన్నాళ్ళయ్యింది?”

“బయటపడి రెండేళ్ళు.”

“రెండేళ్ళు! నా పక్కన పడుకుని రెండేళ్ళు సెప్పనేదా నువ్వు?”

“సెప్తే ఏటి సేద్దువు? ఏడుద్దువు.”

“కంపెనీలో ఏటేటా కళ్ళు సూత్తారు గదా. పోయినేడు కూడా పాసయ్యావు.”

“గోడమీద అచ్చరాలు సదవమంటారు. అవి ఎదురుగానే ఉంటాయి. ఆఖరి వరస దాకా సదివేసాను. శబాష్ అన్నాడు.”

“ఉండు. ఉండు. నాను లేస్తాను. నువ్వు తిను. కదలకు.”

“ఏటి సేత్తన్నావు?”

“గోడకేసి సూడు. తల తిప్పకు. ఇప్పుడు నా సెయ్యి కనబడతందా?”

“ఏ సెయ్యి?”

“ఇప్పుడు?”

“కళా, ఎక్కడున్నావు?”

“నీ పక్కనే ఉన్నాను బావా. నీ సెవి పక్కన సెయ్యి ఊపుతన్నాను.”

“... ఇటు వొచ్చి కూర్సో. ఏడవకు. ఇందుకే సెప్పనేదు.”

“క్రేను నడుపుతన్నావు.”

“ఇరవై రెండేళ్ళనుంచి నడుపుతన్నాను.”

“ఆ క్రేను మోసే బానలో, ఆ లాడిల్లో ఏటుంటాది?”

“నీకు తెలుసు గదా.”

“నీ నోటితో సెప్పు.”

“కరిగిన ఉక్కు.”

“ఎంత?”

“అరవై టన్నులు. ఇను కళా. కింద సిగ్నల్ ఇచ్చే మనిషుంటాడు. ఈల ఏస్తాడు. ఆ షెడ్డులో ప్రతీ స్తంభం నాకు తెలుసు. కళ్ళు మూసుకుని...”

“స్తంభాలు కదలవు. మనుషులు కదులుతారు.”

“ఇంతవరకూ ఏటీ అవనేదు.”

“నిజం సెప్పు.”

“అవనేదు అంటన్నాను గదా.”

“కీర్తన మీద ఒట్టేసి సెప్పు.”

“... కార్తీకమాసంలో ఒకసారి. కుర్మన్నపాలెం నుంచి వొస్తాడు, కొత్తగా చేరిన కంట్రాక్టు మనిషి. పక్కనుంచి వొచ్చాడు. నాను సూళ్ళేదు. ఈల ఇనబడింది, ఆపేసాను.”

“ఎంత దూరంలో ఆగింది?”

“ఆపేసాను అన్నాను గదా.”

“ఎంత దూరం బావా?”

“హెల్మెట్టుకి తగిలింది. కొక్కెం. ఒట్టి కొక్కెమే, లాడిలు నేదు. ఆడు నవ్వేసాడు. పైనుంచి దిగొచ్చి నానే టీ తాగించాను.”

“ఆడికి పెళ్ళయ్యిందా?”

“... చిన్న పాపుంది.”

“ఇంక తినకు. లెగు. సెయ్యి కడుక్కో.”

“ఎనిమిదేళ్ళే ఉంది సర్వీసు. క్రేను దిగితే కింద ఊడ్సే పనిస్తారు, అది కూడా ఇస్తేనే. ఆపరేటరు అలవెన్సు పోద్ది, ఓటీ పోద్ది. జీతం సగమైపోద్ది. అప్పుడు టేక్సూ ఉండదు, కోతా ఉండదు. ఏ అర్జునరావూ అక్కర్లేదు మనకి. నీకు కావాల్సింది అదేనేటి?”

“అరవకు.”

“అరవట్లేదు. గుంటకి ఇంకా రెండేళ్ళ సదువుంది. ఈ ఇంటి లోను ఆరేళ్ళుంది. నాకు లెక్క నేదనుకున్నావా? ఎక్కిన ప్రతీ రోజూ లెక్కెట్టుకునే ఎక్కుతన్నాను. రెండేళ్ళు. గుంట పాసయ్యే దాకా. అప్పుడు నానే దిగిపోతాను.”

“రెండేళ్ళలో ఎన్ని షిఫ్టులు? నువ్వు లెక్కెట్టేవోడివి గదా, సెప్పు. ఎన్ని లాడిళ్ళు మోస్తావు ఆ రెండేళ్ళలో?”

“బస్సు హారను. వొచ్చేసింది. బూట్లియ్యి.”

“నాను ఇవ్వను.”

“కళా, ఇయ్యాల ఆదివారం, నా బదులు ఎక్కడానికి రిలీవరు ఎవడూ నేడు. నాను ఎల్లకపోతే లైను ఆగిపోద్ది. రాత్రి వొచ్చాక మాటాడుకుందాం. మధులతకి సెప్పు, మిగతావన్నీ తీసెయ్యమను, ఆ ఒక్కటీ ఉంచమను. అంతే. నిజవే గదా అది.”

“నిజవే. ఉంచమనే సెప్తాను.”

“ఆఁ.”

“గవర్నమెంటుకి నిజవని రాసి, కంపెనీకి అబద్ధం ఎలా సెప్తాం?”

“ఏటి సేత్తన్నావు? ఆ ఫోను నాదియ్యి.”

“ఉండు.”

“ఎవలికి? కళా! ఎవలికి సేత్తన్నావు? ఈ గుమ్మం దాటి ఒక్క మాట పోకూడదన్నావు నువ్వే!”

“అన్నాను. టేక్సు గురించి అన్నాను.”

“కళా, నీకు దణ్ణం ఎడతాను. ఫీజు ఎవలు కడతారు? ఎవలు కడతారే?”

“తెలీదు బావా. నాకూ తెలీదు. నువ్వు కూర్సో... అలో? గురునాథరావుగారాండి? నమస్కారమండి, షిఫ్టు ఇంచార్జి గారే కదండి? నాను క్రేను దొరబాబు భార్యనండి... నేదండి, జొరం కాదు. సెలవు కూడా కాదండి. పక్కనుంచి మనిషొస్తే ఈయనకి కనబడదండి. రెండేళ్ళనుంచి కనబడట్లేదు. ఇంక మీ క్రేను ఈయన ఎక్కరు.”